పుల్లీ మీద మూడు గాట్లు

ఉదయం ఆరూ నలభై. ఇంటి ముందు పాత కారు. కారు ముందు మనిషి. వెల్లకిలా పడి ఉన్నాడు.

వరండాలో నిలబడి భార్య చూసింది. చూసి నవ్వింది.

"చాల్లెండి వేషాలు. లేవండి. టీ చల్లారిపోతోంది."

ఆయన లేవలేదు. అంత తొందరగా లేవడని ఆవిడకీ తెలుసు. నలభై ఏళ్ళ కాపురంలో ఆ మనిషి తక్కువలో తక్కువ ఇరవైసార్లు చచ్చిపోయాడు. మెట్ల మీద ఒకసారి. వంటగది గుమ్మంలో ఒకసారి. ఆవిడ అన్నదమ్ములు భోజనానికొచ్చినప్పుడు కుర్చీలో కూర్చునే ఒకసారి. ప్రతిసారీ ఆవిడ గుండె గుభేలుమనడం, ఆయన ఒక కన్ను తెరిచి "ఇవాళ కూరేంటి?" అనడం.

అందుకని ఈసారి మోసపోదల్చుకోలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. తన టీ తను తాగింది. ఆయన టీ మీద మూత పెట్టింది.

ఆరూ యాభై. కన్ను తెరుచుకోలేదు.

ఆవిడ వెళ్ళి భుజం పట్టి కుదిపింది. భుజం కదిలింది. మనిషి కదల్లేదు. తల కింద సిమెంటు గట్టు ఎర్రగా ఉంది.

ఇరవై ఒకటోసారి వేషం కాదు.

*

ఏడూ ముప్ఫై అయిదుకి ఇన్‌స్పెక్టర్ జీపు దిగాడు. ముందు పొట్ట దిగింది, తర్వాత ఆయన. వెనకే కాగితాల అట్టతో స్టేషన్ రైటర్.

చచ్చిపోయినాయన్ని ఊళ్ళో అందరూ హారన్ మామ అంటారు. తపాలా ఆఫీసులో గుమస్తా చేసి రిటైరయ్యాడు. ఎవరైనా ఆలోచించుకుంటూ రోడ్డు మీద నడుస్తుంటే చాలు, నిశ్శబ్దంగా వెనక నించి కారు తెచ్చి ఒక్క హారన్ కొట్టేవాడు. ఇన్‌స్పెక్టర్ కూడా ఒకసారి లాఠీ వదిలేసి గెంతాడు. ఆ ముచ్చట స్టేషన్‌లో ఆర్నెల్లు నడిచింది.

ఇప్పుడు ఇన్‌స్పెక్టర్ వంగి చూశాడు. కుడి ముంజేయి విరిగింది. గడ్డం కింద పెద్ద దెబ్బ. తల వెనక ఇంకో దెబ్బ, గట్టుకి తగిలింది. మూడడుగుల దూరంలో కారు స్టార్ట్ చేసే ఇనప హ్యాండిల్.

"ఏమైందంటావ్?" రైటర్‌ని అడిగాడు.

"బ్యాటరీ వీకై ఉంటుంది సార్. హ్యాండిల్ పెట్టి తిప్పాడు. ఇంజన్ వెనక్కి తన్నింది. హ్యాండిల్ ఎగిరి గడ్డానికి తగిలింది, ఆయన వెనక్కి పడ్డాడు."

"ఇంజన్ ఎందుకు తంతుంది?"

"టైమింగ్ తప్పితే తంతుంది సార్."

ఇన్‌స్పెక్టర్ తలూపాడు. ఇంజన్ల గురించి ఆయనకి తెలిసినవి రెండే ముక్కలు. పెట్రోలు పోస్తే నడుస్తుంది. పోయకపోతే కానిస్టేబుళ్ళు తోస్తారు.

వరండాలోంచి భార్య పిలిచింది. ఆవిడ ఏడవడం లేదు. మూత పెట్టిన టీ గ్లాసు చేతిలో పట్టుకుని ఉంది.

"నేను పది నిమిషాలు చూస్తూ కూర్చున్నాను సార్. వెంటనే లేపి ఉంటే బతికేవారా?"

"డాక్టరు గారు చూశారమ్మా. పడ్డ క్షణంలోనే అయిపోయిందట. మీరు చెయ్యగలిగిందేం లేదు."

డాక్టరు అప్పటికింకా రానే లేదు. రైటర్ కాగితాల్లోకి తల దించేసుకున్నాడు.

ఎనిమిదింటికి మేస్త్రి వచ్చాడు. చచ్చిపోయినాయనకి చెల్లెలి మొగుడు. ఊళ్ళో సగం బళ్ళు ఆయన షెడ్డులోనే బాగుపడతాయి. భార్య పోయి మూడేళ్ళయింది. పక్కన ఆయన మోచెయ్యి పట్టుకుని కూతురు. ముప్ఫై రెండేళ్ళుంటాయి. గోళ్ళలో గ్రీజు. షెడ్డుకొచ్చేవాళ్ళు ఆమెని చిన్న మేస్త్రి అంటారు.

మేస్త్రి, అప్పటికి చాప మీదికి చేర్చిన మనిషి దగ్గర కూర్చున్నాడు. మొహం తడిమాడు.

"బావా," అన్నాడు. "చాలు బావా. ఇంక లే."



కాసేపటికి ఆయన లేచి, తడుముకుంటూ కారు దగ్గరికి నడిచాడు. బానెట్ ఎత్తాడు. లోపలికి చెయ్యి పెట్టాడు. ఇంజన్ పక్కన నాలుగు వైర్లు పుట్టుకొచ్చే టోపీ లాంటిది ఒకటుంటుంది. డిస్ట్రిబ్యూటర్. టైమింగ్ మార్చాలంటే తిప్పాల్సింది దాన్నే. దాని మీద అరచెయ్యి ఆనించాడు. బొటనవేలు దేన్నో వెతికింది. ఆగింది.

చెయ్యి చాలాసేపు అక్కడే ఉండిపోయింది. ఇన్‌స్పెక్టర్ ఆ మొహం చూస్తున్నాడు. అప్పటిదాకా ఆ మొహంలో ఏడుపుంది. ఇప్పుడు ఏడుపు కూడా ఆరిపోయింది.

మేస్త్రి బానెట్ దించాడు.

"నేనే సార్. మొన్నటిదాకా నడిచిన బండికి నిన్న టైమింగ్ పెట్టింది నేనే. కళ్ళు మసకలు. తప్పు పెట్టాను. రాసుకోండి."

"కాదు," అంది కూతురు. "టైమింగ్ సరిగ్గానే ఉంది. తర్వాత ఎవరో చెయ్యి పెట్టారు."

"సరిగ్గా ఉందని నీకెలా తెలుసమ్మా?" అడిగాడు ఇన్‌స్పెక్టర్.

ఆమె తండ్రి వైపు చూసింది. ఆ చూపు ఆయనకి కనబడదు.

"నాన్న పెట్టారు కాబట్టి," అంది.

జవాబు బాగుంది. కానీ రెండు క్షణాలు ఆలస్యంగా వచ్చింది.

*

చెయ్యి పెట్టింది ఎవరో ఊరికి అరగంటలో తెలిసిపోయింది. ఊరికి తెలియనిదేముంది.

పాత కార్లు కొని అమ్మే బేరగాడు. ఎప్పుడూ తెల్ల చొక్కా. హారన్ మామ కారు మీద మనసు పడి రెండేళ్ళుగా తిరుగుతున్నాడు. ముందు రోజు సాయంత్రం కూడా వచ్చాడు. బానెట్ ఎత్తాడు. పక్కింటివాళ్ళు చూశారు.

"ఎన్నింటికి వచ్చావ్?" స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"అయిదూ పది సార్."

"బానెట్ ఎందుకెత్తావ్?"

"ఇంజన్ చూద్దామని."

"చూశావా?"

"ఎక్కడ చూడనిచ్చాడు సార్. తల లోపల పెట్టగానే హారన్ కొట్టాడు. ఇదిగో," అంటూ తల వంచి చూపించాడు. నడినెత్తి మీద నిమ్మకాయంత బొప్పి. "బానెట్‌కి గుద్దుకున్నాను. ఆయన పడీ పడీ నవ్వాడు. ఈసారికి ఇంతే, మళ్ళీ రా అన్నాడు. మళ్ళీ వెళ్దామనే అనుకున్నాను సార్. బండి కోసం కూడా కాదు. అక్కడికెళ్తే కాసేపు నవ్వొచ్చేది."

"డిస్ట్రిబ్యూటర్ కదిలించావా?"

"దానికి పానా కావాలి సార్. నా దగ్గర పెన్ను తప్ప ఏముంది?"

ఇన్‌స్పెక్టర్ ఆ తెల్ల చొక్కా చూశాడు. కఫ్‌ల మీద మచ్చ లేదు. అయినా రోజూ పొద్దున పిలిచి సాయంత్రం పంపాల్సి వచ్చింది. రెండో రోజు ఎవరో అతని దుకాణం అద్దం పగలగొట్టారు. అతని పిల్లని బడిలో పక్క పిల్లలు దూరంగా కూర్చోబెట్టారు. ఆ మాట అతను ఫిర్యాదుగా చెప్పలేదు. బెంచీ మీద కూర్చుని నేలకేసి చూస్తూ చెప్పాడు.

*

మూడో రోజు ఉదయం పదకొండింటికి ఇన్‌స్పెక్టర్ షెడ్డుకెళ్ళాడు.

రేకుల కప్పు. గోడకి వరసగా పానాలు. ప్రతి పానా వెనక గోడ మీద దాని ఆకారంలోనే నల్లటి నీడ, ఎప్పటినించో అక్కడే వేలాడబట్టి. మేస్త్రి చూడకుండానే చెయ్యి చాపుతాడు. కావాల్సిందే చేతిలోకొస్తుంది.

"మేస్త్రి గారూ, నాకో అనుమానం. టైమింగ్ అంటే ఏంటండీ?"

"దొంగని పట్టుకునేది మీరు. మీకు టైమింగ్ తెలీదా?"

"తెలిస్తే దొంగలు దొరికేవాళ్ళు కదండీ."

మేస్త్రి పెదవి చివర కదిలింది. బావ పోయాక అదే మొదటిసారి కావచ్చు.

బల్ల మీద విప్పేసిన ఇంజన్ ఒకటుంది. ఆయన ఇన్‌స్పెక్టర్ చెయ్యి పట్టుకుని పిస్టన్ మీద పెట్టించాడు.

"ఇది కిందికీ పైకీ ఆడుతుంది. పూర్తిగా పైకొచ్చిన చోటుని టాప్ అంటాం. ప్లగ్గులో నిప్పు రవ్వ దానికి కొంచెం ముందు పడాలి. మరీ ముందు పడిందా, పైకొచ్చే పిస్టన్ని మధ్యలోనే కిందికి తంతుంది. అందుకని ముందు టాప్ ఎక్కడో తెలియాలి. తెలిస్తే సగం పని అయిపోయినట్టే."

"పైకొచ్చినప్పుడు చూస్తే తెలియదా?"

"తిప్పుతాను. మీ వేలి కింద పిస్టన్ ఎప్పుడు ఆగిందో చెప్పండి."

ఆయన ఇంజన్ ముందున్న పుల్లీని మెల్లగా తిప్పాడు.

"ఆగింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఇంకా తిప్పుతున్నాను. కదిలిందా?"

"లేదు."

"ఇంకా తిప్పుతున్నాను."

"లేదండీ. ఇప్పుడు దిగుతోంది."

"చూశారా? బొటనవేలి వెడల్పు తిప్పాను. మీకు ఆగినట్టే ఉంది. టాప్ దగ్గర పిస్టన్ బద్ధకిస్తుంది. కంటికి దొరకదు, వేలికీ దొరకదు. అందరూ తప్పు చేసేది అక్కడే."

"మరెలా?"

మేస్త్రి సొరుగులోంచి ఒక పనిముట్టు తీశాడు. పాత ప్లగ్గు లోపలంతా డొల్ల చేసి, అందులో పొడుగు బోల్టు బిగించినది.

"దీన్ని ప్లగ్గు చోట పెడతాను. పిస్టన్ పైకొస్తూ దీనికి తగిలి ఆగిపోతుంది. టాప్ కంటే ముందే. అక్కడ పుల్లీ మీద గుర్తు పెడతాను. ఇప్పుడు వెనక్కి తిప్పుకుంటూ అటు నించి వస్తాను. మళ్ళీ తగులుతుంది. అక్కడో గుర్తు. ఇటు ఎంత తప్పో అటూ అంతే తప్పు. రెంటికీ సరిగ్గా నడుమ ఉందే, అదీ టాప్. ఒక్క వైపే తిప్పి ఇదే టాప్ అన్నవాడు మెకానిక్ కాదు బాబూ. వాడు జ్యోతిష్కుడు."

"పుల్లీ మీద కంపెనీవాళ్ళే గీత గీసి ఇస్తారట కదా. రైటర్ చెప్పాడు."

"గీతని నమ్మకు." మేస్త్రి గొంతు ఉన్నట్టుండి గట్టిపడింది. తర్వాత తగ్గింది. "అని ముప్ఫై ఏళ్ళుగా అంటూనే ఉన్నాను. ప్రతి బండికీ అంటాను. వినీ వినీ గోడలక్కూడా విసుగొచ్చింది."

సొరుగులో ఇంకో వస్తువుంది. పిస్తోలు ఆకారంలో లైటు.

"ఇదేంటండీ?"

"అది అమ్మాయిది. ఇంజన్ తిరుగుతుంటే గీత మీద మెరుస్తుంది. గీత ఎక్కడుందో ఆగినట్టు కనిపిస్తుంది. కళ్ళున్నోళ్ళ సామాను. నాకెందుకు?"

"మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్తారా?"

"పన్నెండున్నరకి. రెండింటికి వస్తాను."

"ఆ రోజు మీ బావ గారి బండి అప్పటికి అయిపోయిందా?"

"అయిపోయింది."

"మీరు ఇంట్లో ఉన్నప్పుడు షెడ్డులో ఎవరుంటారు?"

మేస్త్రి ఆ డొల్ల ప్లగ్గుని గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. అది తుడవాల్సినంత మురికిగా లేదు.

"తాళం వేసుంటుంది," అన్నాడు.

ఎదురుగా టీ బడ్డీ. ఇన్‌స్పెక్టర్ వెళ్తూ వెళ్తూ అక్కడ ఒక టీ తాగాడు. షెడ్డుకి మధ్యాహ్నం తాళం పడటం తన పదిహేనేళ్ళ బడ్డీ జీవితంలో చూడలేదన్నాడు టీ ఆయన. చిన్న మేస్త్రి డబ్బా తెచ్చుకుని అక్కడే తింటుందట.

*

నాలుగో రోజు ఉదయం పదిన్నర. కారుని షెడ్డులోకి తోయించారు. మేస్త్రి, కూతురు, బేరగాడు, హారన్ మామ భార్య. ఓ మూల స్టూలు మీద రైటర్.

"మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టొచ్చింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నాకింకా నోరు తిరగలేదు. నువ్వు చదువమ్మా."

కూతురు కాగితం తీసుకుంది. చదివింది. మొహంలోకి ప్రాణం వచ్చింది.

"పుల్లీ గీత ప్రకారం టైమింగ్‌లో వెంట్రుకంత తేడా కూడా లేదట. చెప్పాను కదండీ, సరిగ్గానే ఉందని."

"చెప్పావు. అంటే ఈ తెల్ల చొక్కా ఆయన డిస్ట్రిబ్యూటర్ని కదిలించలేదు. కుట్రతో తిప్పేవాడు వెంట్రుక తేడా లేకుండా గీత మీద పెట్టడు కదా?"

ఆమె బేరగాడి వైపు చూసింది. తల దించుకుంది. "క్షమించండి," అంది. తర్వాత, తనలో తను అనుకుంటున్నట్టు, "మరి ఎందుకు తన్నింది?"

"అదే నాకూ కావాలి. మేస్త్రి గారూ, ఆ రోజు ఎలా పెట్టారో అలాగే ఒకసారి చూపించండి."

 మేస్త్రి గోడ మీదికి చెయ్యి చాపాడు. పానా తీశాడు. ప్లగ్గులు విప్పాడు. పుల్లీ నట్టుకి పానా తగిలించి ఒక్క వైపు తిప్పాడు. మొహం పుల్లీకి దగ్గరగా పెట్టి చూశాడు. ఆపాడు.

"ఇదిగో. తెల్ల గీత ఇంజన్ మీది ముల్లుకి ఎదురుగా వచ్చింది. ఇదే టాప్ అనుకున్నాను. దీన్ని బట్టి పెట్టాను. నాదే తప్పు."

 కూతురు నోరు తెరిచింది. మూసింది.

"గీత కనిపిస్తోందాండీ?" ఇన్‌స్పెక్టర్ అడిగాడు.

"కనిపిస్తోంది."

"బండిని ఇక్కడికి తోయించే ముందే నేను దాని మీద గ్రీజు పూశాను మేస్త్రి గారూ. ఇప్పుడు అక్కడ గీత లేదు. నాకున్న రెండు కళ్ళకీ కనబడట్లేదు."

ఇన్‌స్పెక్టర్ జీవితంలో చాలామంది అబద్ధాలు ఇలా పట్టుకుని నవ్వుకున్నాడు. ఈసారి నవ్వు రాలేదు.

"నాలుగు రోజుల క్రితం మీరు గీత చూసి పెట్టలేదు. చూడలేరు. పైగా ఇప్పుడు ఒక్క వైపే తిప్పారు. ముప్ఫై ఏళ్ళలో మీరు చెయ్యని పని."

"వయసైపోయింది సార్. చేశాను."

"సరే. అయితే నేను తిప్పుతాను. మొన్న పాఠం చెప్పారుగా."

సొరుగులోంచి డొల్ల ప్లగ్గు తీశాడు. మొదటి సిలిండర్‌లో బిగించాడు. పొట్ట అడ్డం వస్తుంటే పక్కకి తిరిగి నిలబడి పానా పట్టుకున్నాడు. సుద్దముక్క కూతురి చేతికిచ్చాడు. ఏం జరుగుతోందో ఆమెకింకా అర్థం కాలేదు. లేదా అర్థమవుతోందేమో.

ఇన్‌స్పెక్టర్ తిప్పాడు. పిస్టన్ బోల్టుకి తగిలింది. ఆయన ఇంకా నొక్కాడు.

"తోయకు," అన్నాడు మేస్త్రి. మాట దానంతట అదే జారిపోయింది. "తగలగానే ఆపెయ్యాలి. తోస్తే తప్పొస్తుంది."

ఇన్‌స్పెక్టర్ ఆపాడు. కూతురు ముల్లుకి ఎదురుగా పుల్లీ అంచు మీద సుద్దగీత పెట్టింది. పెడుతుంటే వేలికి ఏదో గరుగ్గా తగిలింది. ఆమె గుడ్డతో తుడిచింది. ఆకురాయితో కోసిన చిన్న గాటు. ఆమె సుద్దగీత సరిగ్గా దాని మీదే పడింది.

"ఇప్పుడు అటు నించి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

పుల్లీ వెనక్కి తిరిగింది. తగిలింది. ఆపాడు. ఆమె గీత పెట్టింది. దాని కిందా ఒక గాటు.

"నడుమ ఎక్కడమ్మా?"

ఆమె జేబులోంచి దారం తీసింది. గీత నించి గీత దాకా పుల్లీ అంచు మీద పరిచింది. తెంపింది. రెండుగా మడిచింది. మడత ఎక్కడొచ్చిందో అక్కడ గోరు పెట్టింది.

గోరు మూడో గాటులో దిగింది.

"చూపు లేనాయన గుర్తులు చేత్తో చదువుకునేలా పెట్టుకున్నారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ మెల్లగా. "ఇప్పుడా గ్రీజు తుడువు."

ఆమె తుడిచింది. తెల్ల గీత బయటపడింది. నడిమి గాటుకి బొటనవేలి వెడల్పు దూరంలో.

ఆమె గీతని చూసింది. గాటుని చూసింది. ఆ పుల్లీ లోపలి చక్రం, బయటి చక్రం అని రెండు ముక్కలు. నడుమ రబ్బరు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని ఆ రబ్బరు అంచు వేలితో తడిమింది. చిట్లి ఉంది. బయటి చక్రం జారింది. దానితో పాటే గీతా జారింది. ఎన్నేళ్ళయిందో.

 

"నువ్వు భోజనానికెళ్ళినప్పుడు లైటు పెట్టి చూశాను నాన్నా," అంది. నేలకేసి చూస్తూనే అంది. "రెండేళ్ళుగా చూస్తున్నాను. నువ్వు టైమింగ్ పెట్టిన ప్రతి బండీ. పదకొండు బళ్ళు. ఎప్పుడూ తేడా లేదు. పెట్టింది పెట్టినట్టే ఉండేది. ఇదొక్కటి బొటనవేలంత తేడా చూపించింది. నేను భయపడుతున్న రోజు వచ్చేసిందనుకున్నాను. నీ చెయ్యి కూడా పోయిందనుకున్నాను. నీకు తెలిస్తే తట్టుకోలేవని..."

ఆగింది.

"ఏడ్చుకుంటూ తిప్పాను. గీత మీదికి తెచ్చి బిగించాను. వేడి మీద సెల్ఫ్‌తోనే స్టార్టయింది. మామయ్య నాలుగింటికి వచ్చి తీసుకెళ్ళారు. వెళ్తూ హారన్ కొట్టారు. నేను ఉలిక్కిపడితే నవ్వారు."

మేస్త్రి తడుముకుంటూ వచ్చి ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

"మీకు ఆ రోజే తెలుసు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "డిస్ట్రిబ్యూటర్ మీద చెయ్యి పెట్టగానే."

"నేను పెట్టిన చోటు నించి అది తిరిగి ఉంది. నా షెడ్డులో పానాలు ఇద్దరి చేతుల్లోనే ఉంటాయి. అందులో ఒకణ్ణి నేను." మేస్త్రి మొహం ఇన్‌స్పెక్టర్ గొంతు వచ్చిన వైపు తిరిగింది. "నేనే అని రాసుకోమన్నాను. రాసుకుంటే పోయేది కదా బాబూ. ఎందుకు చూపించావు?"

ఇన్‌స్పెక్టర్ బేరగాడి వైపు చూశాడు. అతను గోడకానుకుని నిలబడ్డాడు. నాలుగు రోజులుగా అదే తెల్ల చొక్కా. ఇప్పుడది తెల్లగా లేదు.

"మీరేం రాయించినా ఊరు ఈయన్నే అనేది. ఈయనకో ఇల్లుంది మేస్త్రి గారూ," అన్నాడు.

కూతురు తండ్రి చేతిని రెండు చేతుల్తో పట్టుకుంది.

"నీ చెయ్యి సరిగ్గానే ఉంది నాన్నా. ఏం పోలేదు."

"పోయి ఉంటే బాగుండేదమ్మా," అన్నాడు మేస్త్రి.

*

రైటర్ పెన్ను కాగితం మీద ఆగి ఉంది.

"ఏం రాయమంటారు సార్?"

"నేను తిప్పానని రాయండి," అంది కూతురు.

"నేను పెట్టానని రాయి," అన్నాడు మేస్త్రి. "రబ్బరు జారిందని నా చేతికి తెలుసు. గాట్లు కోసి, గీతని నమ్మకు అని అలవాటుగా ఒక మాటనేసి తిండికి పోయాను. ఈ బండికి మాత్రం నిజంగానే నమ్మకు అని విడమరిచి చెప్పలేదు. అది నా తప్పు కాదా?"

"ఇద్దరివీ రాయి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఆమె చెప్పింది ఇటు. ఆయన చెప్పింది అటు. నడుమ ఏముందో మేజిస్ట్రేటు గారు చూసుకుంటారు. రబ్బరు సంగతి పైన రాయి. పెద్దక్షరాలతో."

బేరగాడు తలుపు దాకా వెళ్ళి ఆగాడు. చొక్కా మడత ఒకసారి సరిచేసుకుని వెళ్ళిపోయాడు.

అప్పటిదాకా స్తంభం పక్కన నిలబడ్డ హారన్ మామ భార్య ముందుకొచ్చింది. మేనకోడలు లేవబోయింది. లేవలేకపోయింది. ఆవిడే కింద కూర్చుంది, నూనె మరకల మీద.

"అత్తా, నన్ను ఏమైనా అను."

"ఏమంటానే. ఆయన అక్కడ పడుంటే నేను టీ తాగాను. పది నిమిషాలు. చక్కెర చాల్లేదని లోపలికెళ్ళి వేసుకొచ్చాను కూడా." ఆవిడ మేనకోడలి చేతి గ్రీజు కొంగుతో తుడిచింది. "ఇన్‌స్పెక్టర్ గారు ఆ రోజు నాతో అబద్ధం చెప్పారు. డాక్టరు వచ్చింది తొమ్మిదింటికి. నేను చూశాను. పోనీలే అని ఊరుకున్నాను. నువ్వొక్కదానివే మోసుకుపోతానంటే ఎలా? నాదీ కొంత ఉంది, పట్టు."

ఇన్‌స్పెక్టర్ పొట్ట సర్దుకుంటూ కిటికీ వైపు తిరిగాడు. ఆయన పంచనామాలు చాలా చేశాడు. అన్నింట్లోనూ ఎక్కడో ఒకచోట సంతకం పెట్టడం సులువుగా ఉండేది.

వెనక పానా చప్పుడైంది.

మేస్త్రి డొల్ల ప్లగ్గు విప్పేశాడు. పుల్లీ అంచు గోరుతో వెతికి నడిమి గాటు పట్టుకున్నాడు. దాన్ని ముల్లు దగ్గరికి తెచ్చి, అక్కణ్ణించి అలవాటైనంత వెనక్కి జరిపాడు. డిస్ట్రిబ్యూటర్ బిగింపు వదులు చేశాడు. అరచేత్తో, నిద్రపోయే పిల్ల తల సర్దినట్టు, దాన్ని కొంచెం తిప్పాడు.

"సార్, సాక్ష్యం," అన్నాడు రైటర్ చిన్నగా.

"రిపోర్టు వచ్చేసిందిగా. బయట జీపు దగ్గరుండు."

"తప్పు టైమింగ్‌తో బండి నా షెడ్డులో ఉండకూడదు," మేస్త్రి ఎవరితోనో కాదు, ఇంజన్‌తోనే అన్నాడు. "అమ్మాయ్, ఇలా రా. బిగించు."

కూతురు లేచింది. అత్త భుజం ఊతంగా లేచింది. పానా అందుకుని బోల్టు బిగించింది. ఆయన చెయ్యి టోపీ మీదే ఉంది, కదలకుండా.

"అయిందా?"

"అయింది."

"నీ లైటు తెచ్చి పెట్టి చూసుకో."

ఆమె సొరుగు వైపు చూసింది. ఆయన చెయ్యి వైపు చూసింది.

"అక్కర్లేదు నాన్నా," అంది.